బావమరిదికి సరిపడా గాలి

మళ్ళీసారిగారు సెలవురోజు పొద్దున్నే పుస్తకం ముందేసుకుని కూర్చున్నారంటే, ఆ వేళ ఇంట్లో బరువైన పని ఏదో ఉందన్నమాట.

ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది. దాన్ని జీతమిచ్చేవాళ్ళు తప్ప ఇంకెవరూ వాడరు. భవనాలకు ప్లాన్లు గీసే ఆఫీసులో ఆయన ఇంజనీరు. కరెంటూ నీళ్ళూ తక్కువ ఖర్చుపెడుతూ, లోపలుండేవాళ్ళకు మంచి గాలీ వెలుతురూ ఇచ్చే కట్టడాలను గ్రీన్ బిల్డింగులంటారు. అలాంటివి కట్టించడం మనకు తెలుసని చూపించుకోవడానికి ఒక పరీక్ష ఉంది. పాసైనవాళ్ళు పేరు పక్కన కొన్ని అక్షరాలు తగిలించుకోవచ్చు. పోయినేడాది ఆయన ఆ పరీక్ష రాసి బయటికొచ్చి, అడిగినవాళ్ళందరికీ "మళ్ళీసారి గ్యారంటీ" అని చెప్పారు. అక్షరాలు రాలేదు గానీ పేరు మాత్రం వచ్చింది.

ఆయన తల్లి ఇరుగుపొరుగుకు ఇంకో రకంగా చెప్పింది. "మావాడు పచ్చరంగు పరీక్ష తప్పాడమ్మా. చిన్నప్పుడు మిగతా రంగులన్నీ బాగానే చెప్పేవాడు."

ఈసారి మాత్రం సంగతి నవ్వులాట కాదు. ఊళ్ళో కొత్తగా కట్టబోయే గ్రంథాలయానికి మొదటి గీత గీసింది మళ్ళీసారిగారే. చదువుకునేవాళ్ళ పుస్తకం మీద వెలుతురు పడాలి, నెత్తిమీద ఎండ పడకూడదు అని ఆ కిటికీలను ఆయన ఎన్నిసార్లు చెరిపి గీశారో లెక్కలేదు. అన్నం తింటూ కంచం పక్కన వేలితో గీసేవారు. అయితే ఆ పని ఇచ్చేవాళ్ళు ఒక షరతు పెట్టారు. పరీక్ష పాసైన మనిషే దానికి పెద్దగా ఉండాలి. ఆఫీసులో అలాంటి మనిషి ఒక్కతే ఉంది. నిరుడు చేరిన పిల్ల, మొదటి దెబ్బకే పాసైంది. అందరూ ఆమెను మెరుపు అంటారు.

"నువ్వు పాసైతే నువ్వు. లేకపోతే మెరుపు. నువ్వు ఆ అమ్మాయి కింద తలుపు గడియలు లెక్కపెడుదువుగాని," అని చీఫ్ ఇంజనీరు తేల్చేశాడు.

ఆ మాట విన్న దగ్గర్నుంచి మళ్ళీసారిగారికి పుస్తకం చూస్తేనే ఒళ్ళు చల్లబడుతోంది. భయపడ్డ మనిషి చదవలేడు. చదువుతున్నట్టు కూర్చోగలడు, అంతే. ఆయన అదే చేస్తున్నారు.

"ఏమండీ, ముందుగదిలో బీరువా కాస్త పక్కకు జరపాలి. వెనక బూజు పట్టింది," అంది భార్య.

"చదువుకుంటున్నాను."

"ఇందాకటినుంచీ పేజీ తిప్పలేదు."

"లోతుగా చదువుకుంటున్నాను."

"పోనీ ఫ్యాన్లు తుడవండి."

"దుమ్ము లేస్తుంది. లోపలి గాలి నాణ్యత దెబ్బతింటుంది. పుస్తకంలో ఉంది."

"చొక్కాలు ఇస్త్రీ?"

"కరెంటు వృథా."

"గిన్నెలు?"

"నీళ్ళు వృథా. భూమి ఏమైపోవాలి చెప్పు?"

"మరి మధ్యాహ్నం భోజనం?"

మళ్ళీసారిగారు కాస్త ఆలోచించారు. "దానికి మినహాయింపు ఉంది."

"ఏ పేజీలో?" అంది ఆవిడ.

ఇక్కడ ఆవిడ ఉద్యోగం గురించి చెప్పాలి. ఆవిడ బీమా కంపెనీలో క్లెయిములు పరిశీలిస్తుంది. కారుకు సొట్ట పడిందని ఎవరైనా రాస్తే, ఎలా పడింది, ఎప్పుడు పడింది, అసలు కారంటూ ఉందా అని మూడు వైపుల నుంచీ చూడటం ఆవిడ పని. పెళ్ళైన కొత్తలో మళ్ళీసారిగారు "నువ్వంటే నాకు ప్రాణం" అంటే, "ఆధారాలున్నాయా?" అని అడిగింది. ఆయన ఇప్పటికీ సమర్పిస్తూనే ఉన్నారు.

నిజానికి ఆయన అప్పటికి చదివింది విషయసూచిక ఒక్కటే. అందులో నీళ్ళు, కరెంటు, గాలి, వస్తువులు అని పెద్దపెద్ద అక్షరాలతో ఉన్నాయి. ఇంట్లో ఏ పని చెప్పినా వాటిలో ఏదో ఒకదాని కింద తోసెయ్యొచ్చని ఆయన కనిపెట్టారు. ఈ కనిపెట్టడం మీద ఆయనకు ఎంత గర్వమంటే, పరీక్ష సగం పాసైనట్టే అనిపించింది.

ఆ గర్వం మీద ఆ సాయంత్రమే పిడుగు పడింది.

"సెలవులకు మా తమ్ముడొస్తున్నాడు," అంది భార్య, టీ కప్పు ఆయన ముందు పెడుతూ. "పెళ్ళాం పిల్లల్తో సహా. మీ పరీక్ష అయిన మర్నాడు దిగుతారు. నెల్లాళ్ళుంటారు. ముందుగది వాళ్ళకిచ్చేద్దాం."

మళ్ళీసారిగారి బావమరిదిని ఊరంతా ఉరుము అంటుంది. వేలంపాటలు నడపడం అతని వృత్తి. పాత సామాన్ల గోదాములో, మైకు లేకుండా, వీధి చివరిదాకా వినిపించేలా పాడతాడు. ఆ గొంతును అతను ఇంటికొచ్చాక విప్పి కొక్కేనికి తగిలించడు. కాఫీ కావాలన్నా "కాఫీ ఒకటోసారి! కాఫీ రెండోసారి!" అనే అరుస్తాడు. అతను గుసగుసలాడితే పక్కింటివాళ్ళు జవాబిస్తారు. ఇక గురక సంగతి వేరే చెప్పాలి. పిల్లలిద్దరూ తండ్రి పోలికే.

"ముందుగది నా చదువుగది!"

"చదువుంటే కదండీ, దానికి ఆ పేరు. అయినా వాళ్ళొచ్చేసరికి మీ పరీక్ష అయిపోతుందిగా."

"పాసైతే గ్రంథాలయం పని ఇంట్లో కూడా చేసుకోవాలి. గది కావాలి."

"పాసవకపోతే?"

"ఏడవడానికి గది కావాలి," అన్నారు మళ్ళీసారిగారు. అది మాత్రం నిజమే చెప్పారు.

ఆవిడ ఆయన మొహంలోకి ఓ క్షణం చూసి లోపలికి వెళ్ళిపోయింది.

వద్దని నోటిమాటగా చెప్తే లాభం లేదని మళ్ళీసారిగారికి తెలుసు. ఆవిడకు రుజువు కావాలి. సరే, రుజువే చూపిద్దామని మర్నాడు ఆఫీసు నుంచి అరచేతిలో పట్టే పెట్టె ఒకటి తెచ్చారు. మనుషులు వదిలిన ఊపిరి గదిలో ఎంత పేరుకుందో అది అంకెల్లో చూపిస్తుంది. గాలి బావుంటే పచ్చదీపం, కాస్త పాడైతే పసుపుదీపం. మరీ పాడైతే ఎర్రదీపం వెలిగి కీచుమని అరుస్తుంది.

ముందుగది కిటికీ మూసి, తలుపు మూసి, పెట్టెను బల్లమీద పెట్టి దాని ఎదుట కూర్చున్నారు. పచ్చదీపం కదలదు. విషయసూచిక గట్టిగా చదివారు. కదలదు. ఇలా కాదని పెట్టెను మూతి దగ్గర పెట్టుకుని పొయ్యి ఊదినట్టు ఊదారు. ఊది ఊది కళ్ళు బైర్లు కమ్మి నేలమీద చతికిలబడ్డాక పెట్టె కీచుమంది. ఆయన గోడ పట్టుకుని లేచి భార్యను కేకేశారు.

"చూశావా? ఈ గదిలో మనిద్దరం ఉంటేనే ఇలా ఉంది. నలుగురు పడుకుంటే ఏం కావాలి? అందులో మీ తమ్ముడు ఒక్కడే ఇద్దరి గాలి పీలుస్తాడు. నాకేం లేదు, పాపం పసిపిల్లల ఊపిరితిత్తుల గురించే నా బాధ."

"మీ మూతికేమైంది? నల్లగా గుండ్రంగా గుర్తు పడింది."

"చదువు ఎక్కువై."

"మీరోసారి బయట నిలబడండి," అంది ఆవిడ.

"ఎందుకు?"

"పరిశీలన."

ఆయన వసారాలో నిలబడ్డారు. ఆవిడ కిటికీ కాసేపు తెరిచి, మళ్ళీ మూసి, అత్తగారిని లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. అత్తాకోడళ్ళు లోకంలో ఉన్న బంధువులందరి గురించీ మాట్లాడుకున్నారు. పెట్టె పచ్చగా, హాయిగా వింటూ కూర్చుంది. అప్పుడు ఆయన్ని లోపలికి రమ్మన్నారు. ఆయన కంగారుగా వచ్చి, రొప్పుతూ, పెట్టె మీదికి వంగి "ఇది మోసం—" అన్నారు. పెట్టె కీచుమంది.

"మా తమ్ముడు కాదండీ, మీరే," అంది భార్య.

"పుట్టినప్పట్నుంచీ అంతేనే అమ్మాయ్," అంది తల్లి. "వీడు బుడగ ఊదితే పగలాల్సిందే. యంత్రం ఎంత బాగా పట్టిందో చూడు."

"కాలుష్యం ఎక్కడ పుడుతోందో అక్కడే దాన్ని ముందు ఆపాలి. గాలి మార్చడం ఆ తర్వాత సంగతి," అంది భార్య.

"అని ఎవరు చెప్పారు?"

"మీ పుస్తకమే. గాలి అధ్యాయంలో, కింద నుంచి మూడో లైను."

మళ్ళీసారిగారు నోరు తెరిచారు. పెట్టె వైపు చూసి మళ్ళీ మూసుకున్నారు. ఆవిడ పుస్తకం చదవడం మొదలుపెట్టింది! అరగంటలో ఆయన కుర్చీ బాల్కనీలోకి చేరింది. కాలుష్యం పుట్టే చోటు అక్కడికి మారింది.

మర్నాటి నుంచి ఇల్లు రణరంగమైంది.

మొదటి దెబ్బ స్నానాలగది మీద పడింది. ఆయన షవరు కింద బకెట్టు పెట్టి ఎంతసేపట్లో నిండుతుందో చూసింది ఆవిడ. "ధార చాలా లావుగా ఉందండీ. సన్నగా వచ్చేది బిగించేద్దాం."

ఆ షవరంటే మళ్ళీసారిగారికి ప్రాణం. లోకంలో ఆయన గొంతెత్తి పాడగలిగే చోటు అదొక్కటే. "ఒక్క షవరు చూసి చెప్పడానికి వీల్లేదు. ఇంట్లో కుళాయిలన్నీ కలిపి, మామూలు ఇంటితో పోల్చి చూడాలి," అని నోటికొచ్చింది అనేశారు.

"ఏ పేజీలో?"

అది తెలియదు. తెలుసుకోవడానికి బాల్కనీలో కూర్చుని నీళ్ళ అధ్యాయం మొత్తం చదవాల్సి వచ్చింది. చదివితే, ఆశ్చర్యం, ఆయన అన్నది నిజమే! పుస్తకం జెండాలా ఊపుకుంటూ వంటింట్లోకి పరిగెత్తారు. ఆవిడ తాపీగా చదివి, "సరే, షవరు ఉంచుకోండి. పాట మానెయ్యండి," అంది.

"పాటకూ నీళ్ళకూ ఏం సంబంధం?"

"నీళ్ళకు లేదు. శబ్దం గురించి వేరే అధ్యాయం ఉంది, చూడండి."

పాటను కాపాడుకోవడానికి ఆయన శబ్దం అధ్యాయం చదివారు. గోడల మందం, తలుపు సందులు, ఒక గది చప్పుడు పక్కగదిలోకి ఎంత వెళ్ళొచ్చు, అన్నీ చదివారు. చివరికి తలుపు కింద పాత గోనెపట్టా పెట్టి పాడుకోవచ్చనే ఒప్పందం కుదిరింది.

ఆ తర్వాత ఆవిడ కన్ను పడక్కుర్చీ మీద పడింది. అది ఆయన తండ్రి నాటిది. వార్నిషు వాసన వేస్తోంది కాబట్టి తీసి పారేద్దామంది. మళ్ళీసారిగారు వస్తువుల అధ్యాయం మీద పడి, మధ్యాహ్నమంతా చదివి, ఆయుధం పట్టుకొచ్చారు. "కొత్తది కొనకుండా పాతదాన్నే వాడుకుంటే భూమికి మేలు. అలాంటి భవనానికి గ్రీన్ అనిపించుకునే పాయింట్లు కూడా ఇస్తారు. వాసన కొత్త వార్నిషుకు గానీ, ఏనాడో ఆరిపోయినదానికి ఉండదు. ఇదిగో పేజీ! నువ్వడగక ముందే చెప్తున్నాను."

ఆవిడ ఒప్పుకుంది. ఆయనకు ప్రపంచం జయించినట్టయింది.

తల్లి అంతా విని, "పాతవాటిని పారెయ్యకపోతే పాయింట్లిస్తారట్రా?" అంది. "మరి నన్ను ఉంచుకున్నందుకు ఎన్నిచ్చారు?"

ఆయన మళ్ళీ విషయసూచిక తిరగేశారు.

ఇలాగే వీధి చివరి దుకాణానికి స్కూటరు మీద వెళ్ళే అలవాటు మీద గొడవై, నడకదూరం గురించి అధ్యాయం అయిపోయింది. డాబా మీద నల్లటి తారుపట్టా మీద గొడవై, ఎండ వేడిమి గురించి అయిపోయింది. బాల్కనీ దీపం మీద గొడవై, కరెంటు అధ్యాయంలో సగం అయిపోయింది. మిగతా సగం ఫ్రిజ్ తలుపు తెరిచి ఆలోచిస్తూ నిలబడే అలవాటు మీద జరిగిన గొడవకు ఖర్చయింది.

ఒక పూట ఆయనే దాడికి దిగారు.

"దుకాణానికి స్కూటరు మానేశాను. దీపాలార్పుతున్నాను. పడక్కుర్చీ కాపాడాను. ఇప్పటికి నాకెన్ని పాయింట్లో తెలుసా? నీకేమున్నాయి?"

"నేను రోజూ వండుతున్నాను. అత్తయ్య మందులు చూస్తున్నాను. ఇల్లు ఊడుస్తున్నాను. ఆపైన ఆఫీసు."

"అవన్నీ ప్రీరిక్విజిట్లు. తప్పనిసరిగా చెయ్యాల్సినవి. వాటికి పాయింట్లు రావు," అన్నారు మళ్ళీసారిగారు దర్జాగా.

"ఓహో. చెయ్యకపోతే?"

"చెయ్యకపోతే..." ఆయన ఆగారు. జవాబు తెలుసు. తెలియకపోతే బావుండుననిపించింది. "మిగతా పాయింట్లు ఎన్నొచ్చినా ఆ భవనం అసలు లెక్కలోకే రాదు."

"ఇంకోసారి చెప్పండి."

"అసలు లెక్కలోకే రాదు."

"మర్చిపోకండి. పరీక్షలో వస్తుంది," అని ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుని వెళ్ళిపోయింది. ఆ పూట గిన్నెలు మళ్ళీసారిగారే కడిగారు. నీళ్ళు ఎంత ఖర్చయ్యాయో ఎవరూ అడగలేదు.

ఆఖరి యుద్ధం ముందుగది కోసం జరిగింది. పెట్టె పరువు పోయింది కాబట్టి ఈసారి లెక్కతోనే కొట్టాలని మళ్ళీసారిగారు నిశ్చయించుకున్నారు. మనిషికి ఇంత గాలి, గది నేలకు ఇంత గాలి, దానికి తెరుచుకునే కిటికీ ఇంత ఉండాలి అని ఒక లెక్క ఉంది. కూర్చుని కట్టారు. నలుగురికి చాలదని తేలింది. ఆ లెక్కను భార్య ముందు పెట్టేటప్పుడు ఆయన మొహంలో విచారం ఉట్టిపడింది.

"ఏం చేస్తాం, చెప్పు. శాస్త్రం ఒప్పుకోవడం లేదు. మీ తమ్ముడికి నచ్చజెప్పు."

ఆవిడ లెక్క చూసింది. గది చూసింది. మళ్ళీ లెక్క చూసింది. "ఒకటే కిటికీ వేశారేం?"

"ఒకటే ఉందిగా."

"ఈ ఇంటి ప్లాను గీసిందెవరు?"

"నేనే."

"బీరువా వెనకాల ఏముంది?"

మళ్ళీసారిగారు బీరువా వైపు కొత్త చుట్టాన్ని చూసినట్టు చూశారు. దాని వెనక రెండో కిటికీ ఉంది. బీరువా అక్కడ పెట్టింది కూడా ఆయనే. జరపమన్నప్పుడల్లా జరపకపోవడంతో సంగతే మరిచిపోయారు. ఇప్పుడు ఇద్దరూ కలిసి తోశారు. తల్లి ఎటు తొయ్యాలో చెప్పింది. కిటికీ రెక్కలు బిగుసుకుపోయి ఉన్నాయి. ఆయన భుజంతో నెట్టేసరికి ఒక్కసారిగా తెరుచుకుని, సాయంత్రపు గాలి గదిలో ఈ చివర నుంచి ఆ చివరికి దూసుకుపోయింది. బల్లమీది కాగితాలు లేచి ఆయన మొహానికే అతుక్కున్నాయి.

"ఇప్పుడు కట్టండి," అంది ఆవిడ.

ఆయన కట్టారు. నలుగురికి సరిపోయింది. ఇంకా మిగిలింది.

అలా బావమరిది రాక ఖాయమై, మళ్ళీసారిగారు బాల్కనీలో కూలబడ్డారు. పరీక్ష రేపు. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు. ఇన్నాళ్ళూ పోట్లాడటమే సరిపోయింది. పరీక్ష కోసమని ఒక్కరోజు కూడా కుదురుగా కూర్చుని చదవలేదు!

"అంతా నీవల్లే," అన్నారు భార్యతో. గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది. "రేపు తప్పుతాను. ఆ గ్రంథాలయం ఎవరో కడతారు. నేను గీసిన కిటికీల కింద నిలబడి నేనే గడియలు లెక్కపెట్టుకుంటాను. నీకేం, మీ తమ్ముడొస్తాడు, నవ్వుకుంటారు."

ఆవిడ ఎప్పటిలా ఆధారం అడగలేదు. "పెందలాడే పడుకోండి," అని మాత్రం అంది.

మర్నాడు మళ్ళీసారిగారు పరీక్ష గదిలో కంప్యూటరు ముందు కూర్చున్నారు. మొదటి ప్రశ్న తెరమీద వచ్చింది. ఒక భవనంలో నీటి వాడకం తగ్గిందని చెప్పాలంటే దేనితో పోల్చాలి?

ఆయన రెండుసార్లు చదివారు. ఇది షవరు గొడవ.

తర్వాతది పడక్కుర్చీ గొడవ. ఆ తర్వాతది దుకాణం దాకా స్కూటరు. ఇంకోటి డాబా మీద తారుపట్టా. గాలి గురించిన ప్రశ్న రాగానే పెట్టె కీచుమన్నట్టయి, ఆయన అదాటున ఊపిరి బిగబట్టారు. ప్రీరిక్విజిటు నెరవేరకపోతే ఏమవుతుంది అని అడిగితే, ఆయన పెదవులు వాటంతటవే "అసలు లెక్కలోకే రాదు" అన్నాయి. పక్క కుర్చీ ఆయన ఉలిక్కిపడి చూశాడు. పరీక్ష పెట్టినవాళ్ళు మా ఇంటి కిటికీ దగ్గర నిలబడి విన్నారేమిటని మళ్ళీసారిగారికి అనుమానమొచ్చింది. జవాబు తట్టనిచోట కూడా, "ఏ పేజీలో?" అని ఒక గొంతు చెవిలో అడిగేది. పేజీ కళ్ళముందుకొచ్చేది.

చివరి మీట నొక్కారు. తెర కాసేపు ఆలోచించి, పాసయ్యారని చెప్పింది.

ఆయన ఇంకోసారి చదివారు. అప్పుడు కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. తడిసింది అద్దాలు కాదని తెలిసి కళ్ళు తుడుచుకున్నారు.

ఆఫీసులో చీఫ్ ఇంజనీరు గ్రంథాలయం ప్లాన్ల చుట్టను తీసి ఆయన చేతిలో పెట్టాడు. మెరుపు చెయ్యి కలిపి, "ఎలా చదివారు సార్? ఏదైనా కోచింగా?" అని అడిగింది.

"ఇంట్లోనే," అన్నారు ఆయన.

ఇంటికొచ్చే దారిలో ఆనందం పట్టలేక స్కూటరు పక్కకు ఆపారు. గెలిచిన మనిషికి ఎక్కడలేని ఔదార్యం పుట్టుకొస్తుంది. ఫోను తీసి బావమరిదికి చేశారు.

"ఏమయ్యా, పాసయ్యాను! నువ్వు నిశ్చింతగా రా. అందరూ రండి. నెల్లాళ్ళు కాదు, సెలవులన్నీ ఇక్కడే ఉండండి. ముందుగదిలో గాలి లెక్క నేనే కట్టాను. మీకు బ్రహ్మాండంగా సరిపోతుంది!"

అటువైపు కాసేపు చప్పుడు లేదు. ఉరుము నోట్లోంచి మాట రాకపోవడం మళ్ళీసారిగారు మొదటిసారి విన్నారు.

"రావడమా? ఎక్కడికి బావా? ఈసారి ఎక్కడికీ కదలకూడదనుకున్నామే! నీకెవరు చెప్పారు?" అని, వెంటనే అటు తిరిగి, "ఒసేయ్, బావ పిలుస్తున్నాడు! నోరారా పిలుస్తున్నాడు!" అని అరిచాడు. దారినపోయే ఇద్దరు ఆగి మళ్ళీసారిగారి ఫోను వైపు చూశారు.

ఇంటికొచ్చి ఆయన చెప్పులు విడవకుండానే అడిగారు. "మీ తమ్ముడు రావడం లేదా?"

"పాసయ్యారా లేదా, ముందది చెప్పండి."

"పాసయ్యాను."

ఆవిడ చేతిలో గరిటె పక్కన పెట్టింది. గోడకు ఆనుకుని ఒక్క నిమిషం కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి అవి మెరుస్తున్నాయి.

"వాడెప్పుడూ వస్తానన్లేదండీ. నేనే పుట్టించాను."

"అబద్ధమా! నువ్వా!"

"మీకు పుస్తకం తెరవమంటే భయం. పోట్లాటకు మాత్రం ఎప్పుడూ సిద్ధం. పోట్లాడాలంటే ఎదురుగా మా తమ్ముడి లాంటి శత్రువుండాలి. పేజీలన్నీ నేను ముందే చదివి, రోజుకో గొడవ తయారుచేసుకునేదాన్ని. షవరు నిజంగా విప్పిస్తానా? పాట లేకపోతే ఇంట్లో మీరున్నారో లేదో నాకెలా తెలుస్తుంది?"

మళ్ళీసారిగారు పడక్కుర్చీలో కూర్చున్నారు. అంటే ఆ విజయాలన్నీ ఆవిడ వండి వడ్డించినవే. సిగ్గూ సంతోషమూ కలిసి చెవులు వేడెక్కాయి.

"పోయినసారి ఫలితం వచ్చిన రోజు," అంది ఆవిడ మెల్లగా, "మీరు కింద స్కూటరు దిగకుండా చాలాసేపు అలాగే కూర్చున్నారు. తర్వాత పైకొచ్చి నవ్వుతూ 'మళ్ళీసారి గ్యారంటీ' అన్నారు. నేను కిటికీలోంచి అంతా చూశాను. ఇంకోసారి అలా చూడలేననిపించింది."

థాంక్స్ అంటే ఆయనకు చిన్నదిగా అనిపించింది. "అయితే ఒక చిన్న సంగతి," అన్నారు, కింద చూస్తూ. "నేనిందాక మీ తమ్ముడికి ఫోను చేశాను."

"చేసి?"

"పిలిచాను. సెలవులన్నీ ఉండమన్నాను."

ఆవిడ మొహంలో రంగు మారింది. "ఎంత పని చేశారండీ! వాణ్ణి పుట్టినప్పట్నుంచీ ఎరుగుదును. వాడి పక్కగదిలో పడుకోలేకే తొందరపడి పెళ్ళి చేసుకున్నాను. నేనెందుకు పిలుస్తాను?"

అంతలో ఫోను మోగింది. స్పీకరు నొక్కే అవసరం లేకుండానే అందరికీ వినిపించింది.

"బావా! టికెట్లు తీసేశాం! ఇన్నేళ్ళకు నోరు తెరిచి పిలిచావు, కాదంటే పాపం తగుల్తుంది. ఒక్కమాట. మా అత్తామామలు కూడా వస్తామంటున్నారు. గాలి లెక్క కట్టానన్నావుగా? వాళ్ళిద్దరికీ సరిపోతుందా, సరిపోదా? నిజం చెప్పు. చాలదంటే మేమూ మానుకుంటాం, వాళ్ళను వదిలి రాలేం."

భార్య చాలదనమని తల అడ్డంగా ఊపింది. తల్లి రెండు చేతులూ ఊపింది. ఒక్కమాట, "చాలదు" అంటే చాలు. నిన్నటిదాకా అయితే మళ్ళీసారిగారు విచారంగా మొహం పెట్టి, హాయిగా అనేసేవారు. కానీ ఇవాళ పొద్దున ఆయన పేరు పక్కన అక్షరాలు చేరాయి. గ్రంథాలయం ప్లాన్లు ఇంకా చంకలోనే ఉన్నాయి.

ఆయన ముందుగది వైపు చూశారు. పెదవులు కదుపుతూ, మనిషికింత చొప్పున ఆరుగురికీ కట్టారు. తప్పేమోనని ఇంకోసారి కట్టారు.

"రెండు కిటికీలూ తెరిచిపెడితే," అన్నారు ఎవరి మొహమూ చూడకుండా, "సరిపోతుంది."